నొప్పి మొదలయ్యే చోటు

మడతపెట్టిన తువ్వాలు మీద బుల్లిరాజు కుడి మోచెయ్యి ఆనించి ఉంది. వినీల వంపు కొలిచే రెండు రెక్కల ప్లాస్టిక్ స్కేలు తీసి, ఒక రెక్కను దండచేతి వెంట, రెండోదాన్ని ముంజేతి వెంట పెట్టి చూసింది. తీసి మళ్లీ పెట్టింది. ఇంకోసారి చూడనక్కర్లేదని ఆ పిల్ల ముఖమే చెప్పేసింది.

"పోయిన సోమవారం ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉందండి బుల్లిరాజు గారూ. ఇంట్లో చేస్తున్నారా లేదా?"

"ఆయ్, చేత్తన్నానండి. పొద్దున్నా సాయంత్రం మా ఆవిడ కూర్చోబెట్టి మరీ చేయిత్తందండి," అన్నాడు బుల్లిరాజు.

గోడకానుకుని నిలబడ్డ సూర్యకళ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ తలూపింది.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే గది వెనక, ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసిన గదికి సున్నం కొట్టి ఫిజియోథెరపీ అని బోర్డు పెట్టారు. మోకాళ్లవాళ్లు, మెడలవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు అందరూ వినీల ఒక్కదాని మీదే. అయినా ఆ పిల్ల విసుక్కోదు. విసుక్కుంటే బాగుండునని సూర్యకళకు అనిపించేది. విసుక్కునేవాళ్లకు అబద్ధం చెప్పడం తేలిక.

"చూడండి, ఎముక అతుక్కుంది. డాక్టరుగారి పని అయిపోయింది. ఇకనుంచి పని మనది. కదపకపోతే కీలు లోపల బిగుసుకుపోతుంది. ఈ నాలుగు రోజులే దానికి అదను. దాటిపోయాక ఎవరేం చేసినా కష్టం. అక్కా, ఇలా రండి, మీ చెయ్యి ఇవ్వండి."

వినీల సూర్యకళ ఎడమచేతిని బుల్లిరాజు దండచేతి మీద అదిమి పెట్టించింది. "ఇది కదలకూడదు. భుజం ముందుకొస్తే చెయ్యి వంగినట్టే కనపడుతుంది, కానీ వంగదు. ఏదీ, ముందు మీరే వంచండి." బుల్లిరాజు వంచాడు. ఛాతీకి ఎదురుగా చెయ్యి ఆగిపోయింది. అప్పుడు వినీల అతని మణికట్టు పట్టుకుని మెల్లగా ముఖం వైపు నడిపించింది. బుల్లిరాజు కాలివేళ్లు గచ్చును గీరుకున్నాయి.

"ఇక్కడ నొప్పి మొదలైంది కదా. ఇక్కడ ఆపకూడదక్కా. ఇక్కడినుంచి ఇంకొంచెం. ఊపిరి తీసి వదిలేదాకా పట్టుకోవాలి. బలవంతంగా విరిచెయ్యకూడదు, నూనె రాసి పిసకకూడదు. నొప్పి మొదలయ్యే చోటు దాటి కొంచెం, అంతే. మందంతా ఆ కొంచెంలోనే ఉంది."

ఆ పిల్ల చేతిలో ముంజెయ్యి ఇందాకటి కొలత దాటి ముందుకే వచ్చింది. సూర్యకళ చూసింది. తను చూసిన సంగతి వినీల కూడా చూసింది.

"భయమేస్తోందా అక్కా?"

"ఆయన బాధపడుతుంటే చూళ్లేనమ్మా," అంది సూర్యకళ. అందులో సగమే నిజం.

మర్నాడు పొద్దున్నే కాలవగట్టు మీది ఇంట్లో స్టవ్ మీద నీళ్లు మరిగాయి. సూర్యకళ గుడ్డ ముంచి పిండి మోచేతి చుట్టూ కట్టింది. అది చల్లారేలోగా నాలుగు కొబ్బరాకులకు ఈనెలు తీసి పడేసింది. కత్తి ఆకు మొదట్లో పెట్టి ఒక్క లాగుడు లాగితే ఆకు ఒక పక్కకి, ఈనె ఒక పక్కకి వచ్చేస్తాయి. ఈనెలు ఒక దోసెడు పోగైతే చీపురు. ఆ చేతులకు ఎంత బలం వాడాలో, ఎక్కడ ఆపాలో బాగా తెలుసు.

గుడ్డ తీసేసి ఎదురుగా కూర్చుంది. దండచెయ్యి పట్టుకుంది గానీ అదమలేదు. మణికట్టు పట్టి నడిపించింది. బుల్లిరాజు కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి. అదే ఆ చోటు. అక్కడ ఆపేసింది. భుజం తనంతట తనే ముందుకు జారింది, చెయ్యి ముఖానికి దగ్గరైనట్టు కనపడింది. ఆవిడ జారనిచ్చింది.

"చాలా?" అన్నాడు బుల్లిరాజు.

"చాల్లే మావా. నిన్నటికంటే వంగింది."

వంగలేదు. ఈ దొంగతనం కట్టు విప్పిన వారం నుంచీ జరుగుతోంది.

సూర్యకళ పెళ్లై ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ చెవులు తోటల్లోనే ఉన్నాయి. కొబ్బరికాయల దింపు జరిగే రోజున బుల్లిరాజు కాళ్లకు తాడు బంధం వేసుకుని చెట్టు మీద చెట్టు ఎక్కుతుంటే, ఆవిడ ఇంట్లో ఈనెలు తీస్తూ వినేది. కాయ నేల మీద పడితే ఒక చప్పుడు, చెట్ల వరసల మధ్య నీళ్లుండే బోదెలో పడితే ఒక చప్పుడు, ఎండుమట్ట పడితే ఇంకోటి. ఇవేవీ కాని చప్పుడు ఒకటుంటుందని ఆవిడకు తెలుసు. మొన్న శ్రావణంలో అదీ వినపడింది. వానకి చెట్లు జారుతున్నాయండి, రేపు తీద్దామండి అని బుల్లిరాజు అన్నాడట. లారీ వచ్చి నిలబడింది కదరా అన్నారట తోట ఆసామి సత్యప్రసాద్ గారు. బోదెలో బురద ఉండబట్టి మనిషి దక్కాడు, గట్టు మీద తగలబట్టి మోచెయ్యి పోయింది.

సత్యప్రసాద్ గారు మంచివారు కాదని ఊళ్లో ఎవరూ అనరు. బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. "బెంగపెట్టుకోకండి. మన కాయల షెడ్డు దగ్గర కావలికి మనిషి ఎలాగూ కావాలి. కుర్చీలో కూర్చునే పనే. చెట్టెక్కలేనివాడికి సరిపోద్ది. నేనున్నాను కదా, చూద్దాంలే," అన్నారు.

అన్ని మాటల్లోనూ సూర్యకళ చెవిలో ఉండిపోయిన మాట ఒక్కటే. చెట్టెక్కలేనివాడికి. చెయ్యి వంగితే మళ్లీ చెట్టు. వంగకపోతే కుర్చీ. ఇంత తేలికైన లెక్క ఆవిడకు జీవితంలో ఎప్పుడూ దొరకలేదు. చెట్టు పట్టుకోవాలంటే రెండు మోచేతులూ మడవాలి. కుర్చీలో కూర్చోవడానికి ఏ మోచెయ్యీ మడవనక్కర్లేదు.

ఒక్క అన్నం దగ్గరే ఇబ్బంది. కుడిచెయ్యి నోటిదాకా రాదు, ఎడమచేత్తో బుల్లిరాజు తినడు. ఆవిడే కలిపి ముద్దలు పెట్టేది. ముద్ద అందుకునేటప్పుడు అతను కళ్లు దించుకునేవాడు. కొన్నాళ్లకు అదే అలవాటైపోతుందని ఆవిడ మనసుకు సర్దిచెప్పుకుంది.

బుధవారం ఏసుపాదం వచ్చాడు. బుల్లిరాజూ అతనూ ఒకే జట్టులో దింపుకు వెళ్లేవాళ్లు. సైకిల్ గట్టు మీద పెట్టి, వచ్చీ రాగానే బుల్లిరాజు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటిరా, ఇంకా ఇంతేనా? ఆదివారం నుంచి ప్రసాద్ గారి తోటలో దింపు. మనోళ్లు సరిపోవట్లేదు. నువ్వెప్పుడొత్తావో చెప్పు."

"చెయ్యి రావాలి కదరా," అన్నాడు బుల్లిరాజు. గట్టు అవతల తోట తలలకేసి ఒకసారి చూసి, వెంటనే చూపు దించుకుని పాదానికి అంటిన మట్టి గోకడం మొదలుపెట్టాడు.

"చెల్లెమ్మా, పోనీ ఊరికే తోటలోకి పంపు. ఎక్కొద్దులే, కింద కాయలు లెక్కెడతాడు. నలుగుర్లో ఉంటే మనసు బాగుంటది."

"అలాగే అన్నయ్యా, చూద్దాంలే," అంది సూర్యకళ నవ్వుతూ. పంపే ఉద్దేశం ఆవిడకు లేదు. ఏసుపాదానికీ ఆ సంగతి అర్థమైంది. టీ తాగి, మళ్లీ ఆ మాటెత్తకుండా వెళ్లిపోయాడు. ఈ సీమలో మొహం మీద కాదనడం మర్యాద కాదు. చూద్దాం అంటే అవతలివాళ్లు అర్థం చేసుకుని లేచిపోవాలి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట వాడుతున్న సూర్యకళే, తన దగ్గరికొచ్చేసరికి దాన్ని నమ్ముకుని కూర్చుంది.

ఆదివారం దింపు అన్న మాట ఆవిడను నిలవనివ్వలేదు. గురువారం పొద్దున్న రెండు కొత్త చీపుళ్లు చంకన పెట్టుకుని సత్యప్రసాద్ గారింటికి వెళ్లింది. ఆయన వరండాలో పేపరు చూస్తున్నారు.

"రామ్మా సూర్యకళా. చీపుళ్లెందుకమ్మా ఇప్పుడు? లోపలివ్వు. అమ్మాయ్, కాఫీ తీసుకురా. ఎలా ఉన్నాడు మనవాడు?"

"వంగట్లేదండి బాబుగారూ. మేడమ్ గారు కూడా కష్టమే అంటన్నారండి."

వినీల అన్న మాట అది కాదు. అయినా ఆ మాట చెప్తుంటే సూర్యకళ గొంతు కొంచెం ఆశగానే పలికింది.

"అయ్యయ్యో. ఎలాంటి చెయ్యమ్మా అది! వాడు ఎక్కితే చెట్టుకు కూడా తెలిసేది కాదు." ఆయన నిజంగానే బాధపడ్డారు.

"అదేనండి, తమరు ఆ రోజు కావలి పని అన్నారు కదండి..."

"అన్నాను కదమ్మా. మర్చిపోతానా? అలాగే, చూద్దాం. ముందు ఒంట్లో బాగుండనీ."

కాఫీ వచ్చింది. వెళ్లేటప్పుడు పనమ్మాయి చేత ఒక అరటిగెల కోయించి ఇప్పించారు. ఆ ఇంట్లోంచి ఎవరూ ఉత్తచేతులతో వెళ్లరు, లేదు అన్న మాటా ఎవరి చెవినా పడదు. గెల నెత్తిన పెట్టుకుని సూర్యకళ తేలిగ్గా నడిచింది. సాయంత్రం మోచెయ్యి పట్టుకున్నప్పుడు నొప్పి మొదలయ్యే చోటుకు కూడా పోలేదు. ఇంకా ఇవతలే ఆపేసింది.

"ఇవాళ తొందరగా అయిపోయిందే?" అన్నాడు బుల్లిరాజు.

"రోజూ ఒకలాగే ఉంటదా ఏంటి," అని ఆవిడ గుడ్డ పిండి ఆరేసింది.

శనివారం మధ్యాహ్నం కొబ్బరాకుల కోసం షెడ్డు వైపు వెళ్లింది. షెడ్డు గేటు పక్క గోడకు నిచ్చెన వేసి ఉంది. పైన పాంటూ షర్టూ వేసుకున్న మనిషి ఒకడు తెల్లటి గుండ్రటి డబ్బాని గోడకు బిగిస్తున్నాడు. ఇంకో డబ్బా అప్పటికే వలిచిన కాయల రాశి వైపు తిప్పి ఉంది. కింద సత్యప్రసాద్ గారు ఫోను చూసుకుంటూ మురిసిపోతున్నారు.

"చూడమ్మా సూర్యకళా, నువ్వే! ఎంత స్పష్టంగా ఉన్నావో." ఫోను ఆవిడ ముందు పెట్టారు. అందులో తట్ట పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డ ఆడమనిషి పైనుంచి పొట్టిగా కనపడింది.

"ఇయ్యేంటండి?"

"సీసీ కెమెరాలమ్మా. హైదరాబాద్‌లో ఉన్నా కాయ కాయా కనపడుద్ది. పిల్లి దూరినా ఫోను మోగుద్ది."

"మరి... కావలి మనిషండి?"

ఆయన ముఖంలో చిరాకు లేదు. అదే ఆవిడను ఎక్కువ బాధపెట్టింది. ఆయన ఆశ్చర్యపోయారు, అంతే.

"ఇవుండగా మనిషెందుకమ్మా? నేను చూద్దామన్నాను గానీ, పెట్టుకుంటానని మాటివ్వలేదు కదా. నువ్వింకా అది మనసులో పెట్టుకున్నావా? అయ్యో." ఆయన నిచ్చెన మీది మనిషితో కొంచెం ఎడమకి తిప్పవయ్యా అని చెప్పి, మళ్లీ ఆవిడ వైపు తిరిగారు. "చెయ్యి బాగు చేయించమ్మా ముందు. అయినా మనవాడికి చెట్టు మీద పని ఎప్పుడూ ఉంటుంది."

సూర్యకళకు ఒళ్లు మండిపోయింది. లారీ ఆగదని వానలో చెట్టెక్కించిన నోరే ఇది. ఆ మాట అనెయ్యాలని ఉంది. కానీ నోటికి అలవాటైన మాటే వచ్చింది. "అలాగేనండి," అంది. ఆకులు తీసుకోకుండానే తిరిగొచ్చేసింది.

బుల్లిరాజు అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో ఈనెలు కట్టగట్టడానికి తంటాలు పడుతున్నాడు.

"కూర్చో మావా. చెయ్యి ఇలా పెట్టు."

"ఇప్పుడా? అన్నమైనా తినలేదు కదే."

"పెట్టు."

నీళ్లు మరగబెట్టలేదు, గుడ్డ కట్టలేదు. దండచేతిని మోకాలితో అదిమి పట్టి మణికట్టు దొరకబుచ్చుకుంది. నొప్పి మొదలయ్యే చోటు వచ్చింది, దాటేసింది. కొంచెం అని వినీల చెప్పిన చోటూ దాటేసింది. వారాలుగా తను మిగుల్చుకున్నదంతా ఒక్క పూటలో వంచెయ్యాలన్నట్టు ఆవిడ నొక్కుతోంది. లోపల ఏదో పటుక్కుమంది. బుల్లిరాజు కేక పెట్టి చెయ్యి లాక్కున్నాడు.

"చంపేత్తావేంటే!"

సూర్యకళ కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. కెమెరాలు, కుర్చీ లేకపోవడం, చూద్దామన్నాను కానీ మాటివ్వలేదనడం. చివరికి అసలుది కూడా చెప్పేసింది. "నేను పాపం చేశాను మావా. ఇన్నాళ్లూ సగంలోనే ఆపేత్తన్నాను. నువ్వు మళ్లీ చెట్టెక్కకూడదని. కుర్చీలో కూర్చుంటావని."

బుల్లిరాజు మోచెయ్యి పొట్టకు అదుముకున్నాడు. కోపం వస్తుందని ఆవిడ ఎదురుచూసింది. రాలేదు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"వినీలమ్మగారి చేతికీ నీ చేతికీ తేడా నాకు తెలీదంటావా? చెయ్యి నాది కదే. మొదటి రోజే తెలిసింది."

"మరి చెప్పలేదేం మావా?"

అతను గట్టు అవతలి చెట్ల తలలకేసి చూడబోయి మానేశాడు. "చెబితే సరిగ్గా చేత్తావేమోనని."

సూర్యకళకు ముందు అర్థం కాలేదు.

"కళ్లు మూత్తే చాలు, మట్ట ఊడి చేతిలోకొచ్చేత్తంది సూరీ. ఇంకా పడతానే ఉన్నాను. మొన్న ఏసుపాదం ఎప్పుడొత్తావంటే చెట్ల తలలకేసి చూళ్లేకపోయాను. దింపోడికి చెట్టంటే భయమని ఎవడితో చెప్పుకుంటాం? చెయ్యి వంగట్లేదంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు. పాపం అంటారు."

"నాతో చెప్పొచ్చు కదా!" ఈసారి ఆవిడకే కోపం వచ్చింది. "నీ పెళ్లాన్ని కదా!"

"నువ్వు చెప్పావా?"

ఎక్కొద్దు మావా అని ఒక్క మాట అనుంటే, ఎక్కలేనే అని అతనొక్క మాట అనుంటే సరిపోయేది. వంగే చేత్తో చెట్టే ఎక్కాలని ఎవరన్నారు? కాయలు వలవొచ్చు, ఆటో తోలొచ్చు, చేపల చెరువు దగ్గర మేత చల్లొచ్చు. మోచెయ్యి వంగే మనిషికి నేల మీద లక్ష పనులు. ఆ లక్ష పనులూ ఇద్దరికీ ఇప్పుడే గుర్తొచ్చాయి. అప్పటికే మోచెయ్యి ఉబ్బి ఎర్రబడుతోంది.

ఆదివారం తోటలోంచి రోజంతా కాయలు పడుతున్న చప్పుడు వినపడింది. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఇద్దరూ వింటూనే ఉన్నారు.

సోమవారం వినీల మోచెయ్యి చూడగానే స్కేలు పక్కన పెట్టేసింది.

"ఎవరైనా బలవంతంగా వంచారా?"

సూర్యకళ నోరు తెరిచింది. ఆవిడ కంటే ముందు బుల్లిరాజు అందుకున్నాడు. "నిద్దట్లో చెయ్యి కిందపడి నలిగిందండి. నాదే పొరపాటండి."

వినీల అతన్ని ఎక్స్‌రేకి, అక్కడినుంచి ఎముకల డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది. కీలులో కొన్ని వారాలుగా కొత్త ఎముక పేరుకుంటోందట, మొన్న నలిగేసరికి అది ఇంకా రేగిందట. ఇక దాన్ని కదిలించకూడదట. కొన్నాళ్లాగి ఆపరేషన్ అని ఒకటుందట గానీ, చేసినా ఇంతకంటే వంగుతుందని చెప్పలేరట. మొత్తానికి ఇప్పుడెంత ఉందో అంతే అనుకోమన్నారు.

"నోటికందదా అండి?" అన్నాడు బుల్లిరాజు.

"పొడుగు కాడ ఉన్న చెంచా ఇస్తానండి. దాంతో ఎలా తినాలో నేర్పిస్తాను." వినీల సూర్యకళ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "మీ తప్పేం లేదక్కా. మీరు చెయ్యాల్సిందంతా చేశారు. కొంతమందికి ఎంత చేసినా ఇలాగే అవుతుంది."

"ఆయ్, రోజూ చేసిందండి. ఒక్క పూట కూడా మానలేదండి," అన్నాడు బుల్లిరాజు. అతను వెక్కిరించడం లేదు. వెక్కిరించినా బాగుండునని సూర్యకళ అనుకుంది.

అప్పుడే కొత్తగా కట్టు విప్పించుకున్న రైతొకడు భార్యతో గదిలోకి వచ్చాడు. అతనిదీ మోచెయ్యే, మోటారుసైకిల్ మీంచి పడ్డాడట. వినీల అతన్ని కూర్చోబెట్టి వేడి గుడ్డ చుట్టింది. అంతలో పక్షవాతం ఆయన మంచం మీంచి దిగబోతుంటే అటు పరిగెత్తుతూ, ఆ ఆడమనిషికి సూర్యకళను చూపించింది. "ఒక్క నిమిషం. ఆ అక్కనడగండి, ఎలా చేయించాలో ఆవిడకి బాగా తెలుసు."

ఆ ఇల్లాలు మొగుడి మణికట్టు పట్టుకుని బిక్కమొహంతో చూసింది. "ఎక్కడిదాకా వంచాలండి? ఆయన ఓర్చుకోలేరండి. నొప్పనగానే ఆపేద్దామా?"

సూర్యకళ బుల్లిరాజు వైపు చూసింది. అతను ఒళ్లో పెట్టుకున్న కొత్త చెంచా కాడను చూసుకుంటున్నాడు.

ఆవిడ వెళ్లి ఆ ఇల్లాలి ఎడమచేతిని రైతు దండచేతి మీద అదిమి పెట్టించింది. భుజం కదలనివ్వకండి, మోసం చేస్తుంది అని చెప్పింది. మణికట్టు మీద ఆ ఇల్లాలి చేతి పక్కనే తన చెయ్యీ వేసి మెల్లగా నడిపించింది. రైతు కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదిగో, నొప్పి ఇక్కడ మొదలవుద్దండి. ఇక్కడ ఆపకండి," అంది సూర్యకళ. "ఇక్కడినుంచి ఇంకొంచెం."

రైతు ఊపిరి తీసి వదిలేదాకా ఇద్దరూ పట్టుకున్నారు.